దారి కాని దారిలో నరసింగరావు

నెల్లిమర్ల నరసింగరావుకు మంచి రోడ్డంటే పడదు. తారు రోడ్డు కనబడితే చాలు, అప్పిచ్చినవాడు ఎదురైనట్టు పక్కకు దిగిపోతాడు. ఒక్కడే దిగిపోతే ఎవరి ఖర్మ వారిదనుకోవచ్చు. ఈ మహానుభావుడు రోజూ పొద్దున్నే మరో ఇద్దరిని వెంటేసుకుని మరీ పరిగెత్తిస్తాడు. ఆ ఇద్దరిలో ఒకడు కిరాణా కొట్టు వెంకటరావు.

వెంకటరావుకు షుగరుంది, పొట్ట ఉంది, పరువుంది. మొదటి రెండూ తగ్గాలంటే పరిగెత్తమన్నాడు డాక్టరు. మూడోది తగ్గకుండా ఎలా పరిగెత్తాలో చెప్పలేదు. అందుకని చిన్ననాటి స్నేహితుడు, ఊరి చుట్టూ గట్లన్నీ తెలిసిన రైతు అని నరసింగరావును ఆశ్రయించాడు.

"నిక్కరేసుకుని పరిగెడుతుంటే మా బేరగాళ్ళు చూశారంటే ఇంకేమైనా ఉందా బావా? ఏదైనా మంచి దారి చూడు."

"మంచి దారి నాకు తెల్దు సావుకారూ. దారి మాత్రం సూపిస్తాను," అన్నాడు నరసింగరావు.

చూపించాడు. గోగు కట్టలు నానబెట్టిన గుంటల గట్టు మీదుగా. నార కోసం కుళ్ళబెట్టిన ఆ గోగు కంపు ఎలా ఉంటుందో చెప్పడం ఎవరి వల్లా కాదు. ముక్కున్నవాళ్ళు అటు వెళ్ళరు, వెళ్ళినవాళ్ళు ముక్కు గురించి మాట్లాడరు.

"ఇదేం దారి బావా?"

"గాలి బాగా తగుల్తాది."

"గాలొక్కటే తగిలితే బాగుణ్ణు!"

మర్నాడు జీడితోట. ముళ్ళకంచె కిందనుంచి దూరమన్నాడు. వెంకటరావు పొట్ట తీగకు చిక్కుకుంది.

"ఊపిరి ఒదిలీ సావుకారూ, జారిపోతావు."

"వదిలేస్తాను సరే, మళ్ళీ వస్తుందని నువ్వు పూచీ పడతావా?"

ఇలా చంపావతి ఏటి ఇసుక అయింది, మొక్కజొన్న చేలయ్యాయి, పేరుకే దారి అయిన వాగు గట్లు అయ్యాయి. తారు రోడ్డు మీద ఎందుకు వద్దంటే రోజుకో కారణం. ఓరోజు మోకాళ్ళు అరుగుతాయి. ఓరోజు దుమ్ము. ఇంకోరోజు కారణమేమీ దొరక్క, "ఆ రోడ్డు మొకం నాకు నచ్చనేదు," అని తేల్చేశాడు. బేరగాళ్ళు తిరగని ఊరి బయటైనా ఒక్కసారి తారు రోడ్డెక్కుదామని వెంకటరావు అడిగినప్పుడల్లా "రేపు సూద్దాం" అనేవాడు. ఆ రేపు వచ్చిన పాపాన పోలేదు.

వెంకటరావుకు తన బాధకంటే మూడో మనిషి గురించే బెంగ. ఆ మూడో మనిషి యమున. బట్టలు కుట్టే ఈశ్వరి కూతురు. కానిస్టేబుల్ ఉద్యోగానికి కిందటిసారి పరీక్ష రాసి నెగ్గి, పరుగులో సగంలో ఆగిపోయింది. కాలు పట్టేసిందని చెప్పింది. ఈసారి పోతే వయసు దాటిపోతుంది, ఇక పోలీసు చొక్కా ఆశ వదులుకోవాల్సిందే. మోచేతులు రెండూ బయటికి విసురుతూ పరిగెత్తేది గాని, ఆ వేగం ముందు ఈ ఇద్దరు పెద్దమనుషులూ ఆమె బూట్ల దుమ్ము మింగాల్సిందే.

పరుగు పరీక్ష వారంలోకి వచ్చింది. నరసింగరావు మళ్ళీ గోగు గుంటల వైపే తిప్పాడు. వెంకటరావుకు ఒళ్ళు మండింది. యమున ముందుకు పోయాక గట్టుమీద చతికిలబడ్డాడు.

"నీకు బుద్ధుందా అసలు? ఆ పిల్ల పరిగెత్తాల్సింది గ్రౌండులో. బురదలో తిప్పి తిప్పి దాని బతుకు బుగ్గి చేస్తావా? నేను రేపట్నుంచి రాను."

నరసింగరావు పక్కనే కూర్చున్నాడు. "దానికి కాలు పట్టీనేదు సావుకారూ. కిందటిసారి గ్రౌండు కంచె కాడ నిలబడ్డోలు దాని పరుగు సూసి నవ్వినారు. ఆగిపోనాది."

"నవ్వితే?"

"అలాగే అంటాం మనం. తర్వాత మనూర్లో పరుగు మొదలెట్టింది. నీ కొట్టు బల్ల మీద టీ తాగుతారు సూడు, రమేష్‌బాబూ ఆల్లూ. కోడి ఎగరతన్నాదిరా అన్నారు. ఇంటికెల్లి బూట్లు అటకెక్కించీసింది. నానే దించి తెచ్చినాను. మనిసి కనబడని దారి సూపిస్తానని ఒట్టేసి తెచ్చినాను. ఈ కంపులోకి ఎవులొస్తారు సెప్పు?"

వెంకటరావు కాసేపు గోగు వాసన కూడా మరిచిపోయాడు. "మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు మాత్తరం? బేరగాల్లు సూస్తారని ఒనికిపోనావు గదా. ఇద్దరికీ ఒకటే దారి సరిపోనాది."

"సరే, గ్రౌండులో జనముంటారు కదయ్యా!"

"అదే నాకూ నిద్దర పట్టనియ్యట్లేదు," అన్నాడు నరసింగరావు. అతని మొహంలో అంత దిగులు వెంకటరావు ఎన్నడూ చూడలేదు. "రేపు మెయిన్ రోడ్డు మీద ఎల్దాం. నాను ముందుంటాను. అందరూ నన్నే సూసేటట్టు సేస్తాను."

చేశాడు. భార్య పద్మకుమారి ఎర్ర గొడుగు విప్పి నెత్తిన పట్టుకుని, కోతి టోపీ పెట్టుకుని, బజారు నడిబొడ్డున పరిగెత్తాడు. వెనక యమున. ఆ వెనక, సందు మలుపులో, ఇటునుంచి ఇటే ఇంటికి జారుకుందామని వెంకటరావు.

బల్ల మీద రమేష్‌బాబు టీ గ్లాసు దించి గొడుగు వైపు చూశాడు. "నరసింగరావు మావలే," అన్నాడు. మళ్ళీ గ్లాసెత్తాడు. నరసింగరావు ఏం చేసినా ఆ ఊళ్ళో వింతగా చూసేవాళ్ళు ఎప్పుడో అయిపోయారు. టీ గుక్క మింగి, రమేష్‌బాబు కళ్ళు యమున మీదికి తిప్పాడు. మోచేత్తో పక్కవాణ్ణి పొడిచాడు.

యమున అడుగులు నెమ్మదించాయి.

వెంకటరావుకు ఏమైందో వెంకటరావుకే తెలియదు. నిక్కరు పైకి లాక్కుని, పొట్ట ముందు, తాను వెనక, సందులోంచి రోడ్డుమీదికి దూసుకొచ్చాడు.

"తప్పుకోండ్రా!"

"ఓరి నాయనో! సావుకారు పరిగెడతన్నాడ్రోయ్!" రమేష్‌బాబు బల్లమీద నిలబడిపోయాడు. మందుల షాపువాడు బయటికొచ్చాడు. పూలమ్మే తాయారు బుట్ట వదిలేసి వచ్చింది. ముప్పయ్యేళ్ళుగా గల్లాపెట్టె వెనక నడుము పైభాగం మాత్రమే చూసిన జనం, మొట్టమొదటిసారి వెంకటరావు మోకాళ్ళు చూశారు. ఆ గోలలో యమున బజారు దాటేసింది.

చివర్న ఊపిరి అందక ముగ్గురూ నిలబడ్డారు. యమున మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏటి మావా, ఒక్కడైనా నా ఏపు సూడనేదు?"

పరీక్షదాకా రోజూ ఆ రోడ్డే. రెండో రోజు బల్లమీద నవ్వు కాస్త పలచబడింది. ఆ తర్వాత రమేష్‌బాబు తలెత్తకుండానే, "సావుకారుగారూ, పంచదారుందా?" అని అడగడం మొదలుపెట్టాడు.

విజయనగరంలో పరుగు రోజున గ్రౌండు గేటు బయట ఇద్దరూ కాలు కాలిన పిల్లుల్లా తిరిగారు. చాలాసేపటికి యమున వచ్చింది. జుట్టంతా చెమట.

"పాసైపోనాను మావా!"

నరసింగరావు రెండు చేతులూ ఎత్తి ఆకాశానికి దండం పెట్టాడు. వెంకటరావే అడిగాడు, "ఎవరూ నవ్వలేదు కదమ్మా?"

"నవ్వినారు సావుకారుగారూ. నన్ను గాదు, నా ముందు పరిగెడతన్న పిల్లని. అది ఆగిపోబోనాది. ఆగకే, నాతో రా అని కేకేసినాను. వచ్చీసింది. అదుగో, అదే."

గేటు దగ్గర సన్నటి పిల్ల ఒకతి మోకాళ్ళమీద చేతులుంచుకుని ఒగరుస్తోంది.

వెంకటరావు వెళ్ళి సోడా బండి ముందు నిలబడ్డాడు. ఆ పిల్లది ఏ ఊరో, ఎవరి తాలూకో అడక్కుండా నాలుగు సోడాలు కొట్టమన్నాడు.