మితభాషి జ్ఞానయ్య

మా బావ జ్ఞానయ్య గురించి రాయడానికి నాకంటే అర్హుడు ఉప్పల్ నుంచి పోచారం దాకా ఇంకొకడు లేడు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారికి బడికే విసుగొచ్చి నన్ను వదిలేసింది. అయినా ఈ చుట్టుపక్కల పెళ్ళయినా చావయినా మైకు సెట్టు నాదే, గొంతు నాదే. బావ కథలు నా దగ్గర నలభై ఉన్నాయి. వాటిలో పది నిజంగా జరిగాయి కూడా.

బావ నాచారంలో ఓ పైపుల కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాడు. చేతులు పైపుల మీద, మనసు ఇంటి మీద. భార్య స్వర్ణలత, అంటే మా అక్క, కొడుకు జీవన్ కుమార్, కూతురు షైనీ, వాళ్ళింట్లోనే ఉండే మా అమ్మ. వీళ్ళలో ఎవరు తుమ్మినా అది దేవుడికి చెప్పుకోవాలి ఆయనకు. చెప్పుకుంటే తప్పేముంది? మైకులో చెప్పుకునేవాడు, అదీ తంటా.

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పొచ్చు. రోగం తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు ఏడాదికోసారి లేస్తారు. బావ వారం వారం లేచేవాడు.

"మా జీవన్‌కు లెక్కలల్ల పదకొండు మార్కులొచ్చినయ్. పోయినసారి ఏడే. దేవుడు నాలుగు పెంచిండు, స్తోత్రం!"

"మా అత్తమ్మ కట్టుడు పండ్లసెట్టు పోయి మూడు దినాలాయె. నిన్న మామిడికాయ తొక్కు జాడీల దొరికింది, స్తోత్రం!"

అంతకు ముందురోజే ఆ ఇంట్లో తొక్కు వేసుకుని కడుపునిండా తిన్న సంఘపెద్ద హన్మయ్య గారు ఆ వారం స్తోత్రం చెప్పలేకపోయారు. ఆ తొక్కు కడుపులో ఉండగా ఎలా చెబుతారు?

అన్నింటికంటే పేరుపడ్డది ఉప్పు సాక్ష్యం. "నా భార్య బుధవారం సంది నాతోని మాట్లాడ్తలేదు. ఇయ్యాల పొద్దుగాల 'ఉప్పు అందియ్యి' అన్నది. స్తోత్రం!" చర్చి అంతా పగలబడి నవ్వింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అక్క కొంగును ముక్కు దాకా లాక్కుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నాచారంలో ఎవరింట్లో ఉప్పు అడిగినా, పక్కనున్నవాడు స్తోత్రం అనేవాడు.

ఇక బావ మోపెడ్ సంగతి. ఓసారి మేం ఏడుగురం, మటన్ గిన్నెతో సహా, దాని మీద ఉప్పల్ రింగురోడ్డు దాటుతుంటే ట్రాఫిక్ పోలీసు ఆపాడు. మమ్మల్ని లెక్కపెడుతూ ఐదు దాటాక చలానా పుస్తకం మూసేసి దండం పెట్టాడు. నడిపింది నేనే. అందుకే ఎవరూ పడలేదు.

రెండు నెలల క్రితం ఓ పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే బావ గుండె ఆగిపోయింది. నలభయ్యో రోజున చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అందులో పోయినవాళ్ళ జీవిత విశేషాలు కాగితం మీద రాసి చదవడం మా దగ్గర ఆనవాయితీ. రాసింది జీవన్. వాడిప్పుడు పోచారంలో సాఫ్ట్‌వేరు, ఆఫీసువాళ్ళు కూడా వస్తున్నారాయె. చదవాల్సింది నేను.

ముందురోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "నరేనూ, ముప్పై ఏండ్లు ఆయన్ను జూసి నవ్విన్రు. రేపొక్క దినం ఎవ్వలు నవ్వొద్దు. నీ కథలు జెప్పినవో, కాళ్ళిరుగుతయ్."

"నాకెందుకక్కా, కాగితంల ఉన్నదే సదువుత."

చదివాను. "శ్రీ జ్ఞానయ్య గారు నిరాడంబరుడు, మితభాషి..."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. అక్క ముఖం బిగుసుకుంది. నేను తలెత్తకుండా కానిచ్చాను. "ఇంటి సంగతులను గుట్టుగా నడిపించుకున్న గంభీరమూర్తి..."

హన్మయ్య గారు రుమాలు నోట్లో కుక్కుకున్నారు. ఎవరూ పైకి నవ్వలేదు. అక్క కోరుకున్నట్టే అయింది. కానీ ఆ కాగితంలో ఉన్నది ఎవరో, నాకే తెలియలేదు. నలభై కథలవాణ్ణి నేను కూడా అంత అబద్ధం ఎప్పుడూ ఆడలేదు.

"ఆపురా," అంటూ అక్క లేచింది. "ఎవలి గురించి సదువుతున్నవ్?"

"జీవన్ రాసిండక్కా!"

వచ్చి మైకు లాక్కుంది. జీవితంలో ఒక్క సాక్ష్యం చెప్పని మనిషి. "దేవుని పిల్లలకు వందనాలు. మీకు ఉప్పు యాదికుంది గదా? నేను బుధవారం సంది ఎందుకు మాట్లాడలేదో ఆయన చెప్పలే. అంతకుముందు ఆదివారం నా గురక తగ్గిందని స్తోత్రం చెప్పిండు. బుధవారం కూరగాయల మార్కెట్ల నన్ను జూసి అందరు నవ్విన్రు. ఈ మనిషితోని బతకనని, బ్యాగు సదురుకొని, మా ఊరు జనగామకు పోయే బస్సు కోసం ఉప్పల్‌ల పోయి కూసున్న."

జీవన్ తలెత్తి చూశాడు. వాడికి తెలియదు. నా నలభై కథల్లోనూ అది లేదు.

"డ్యూటీ బట్టల మీదనే మోపెడేసుకొని ఉరికొచ్చిండు. పక్కన కూసున్నడు. పోవద్దనలే, రమ్మనలే. ఏడు బస్సులు పోయినయ్, నోరు తెరువలే. ఆ మనిషి నోరు మూసుకొని కూసునుడు సూస్తే నాకే భయమైంది. నేనే లేచి మోపెడ్ ఎక్కిన. ఆ సంగతి సచ్చేదాక ఒక్క ఆదివారం గూడ చెప్పలే. మితభాషి అంటే గా ఒక్క దినమే. ఉప్పు సంగతి మాత్రం ఆగలే, చెప్పిండు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "స్తోత్రం."

హన్మయ్య గారు నోట్లోంచి రుమాలు తీసి, తొక్కు నాటి బాకీ కూడా కలిపి "స్తోత్రం!" అని అరిచారు. చర్చి అంతా ఒక్కసారి నవ్వింది. జీవన్ ఆఫీసువాళ్ళు కూడా, ఎందుకో తెలియకుండానే. అక్క ఎవర్నీ ఆపలేదు.

మైకు నా చేతికిస్తూ అంది, "నరేనూ, మోపెడ్ మీద ఏడుగురం అని ఊరంత చెప్తవట. ఆరుగురమే. నువ్వు దిగి ఎనకనుంచి తోసినవ్."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. నా సెట్టు మామూలుది కాదు, ఆ మాట పీర్జాదిగూడ దాకా వినబడింది.