వాము నీళ్లు, ఐదో మాట

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే ఇల్లంతా వేగిన వాము వాసన. అమ్మ ఇనప మూకుట్లో వాము వేసి, చిటపటలాడేదాకా వేయించి, నీళ్లు పోసి మరిగిస్తోంది. నా కోసమే. ఈ రోజు నాకున్నది నడుం నొప్పి. కానీ నేను మాట్లాడకుండా సోఫాలో కూలబడ్డానంటే అమ్మ లెక్కలో అది గ్యాసే. "మీ డాడీ కడుపే వచ్చింది నీకు, నిలవడి తినుడు, చాయ్‌లు తాగుడు," అంటూ గ్లాసు చేతిలో పెట్టింది. నిజమే, చాలా రోజులు అది గ్యాసే అవుతుంది. వాదించే ఓపిక లేక, ఆ ఆవిరి మొహానికి తగులుతుంటే కళ్లు మూసుకున్నాను. ఆబిడ్స్ వెనక సందులో మేమున్న రెండు గదుల కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

తొంభైలనాటి సంగతి. డాడీ నాంపల్లిలో ఒక దఫ్తర్‌లో గుమాస్తా. పొద్దున ప్రార్థన, పేపరు, గోడ మీదుగా పక్కింటాయనతో ముచ్చట అన్నీ తీరిగ్గా అయ్యాక, అయ్యో టైమైపోయిందంటూ ఎడమ చేత్తో గుండీలు పెట్టుకుంటూ కుడి చేత్తో అన్నం మింగేవాడు. నమలడమనేది ఆయనకు తెలియని విద్య. పైగా నోట్లో ముద్ద ఉండగానే దఫ్తర్ రాజకీయాలన్నీ చెప్పేవాడు. పగలంతా చాయ్ మీద చాయ్, ఇంటికొచ్చేటప్పుడు మూల మీద బండి దగ్గర గోలీ సోడా. సోడా తాగితే తేన్పులొస్తాయి, తేన్పులొస్తే గ్యాసంతా పోతుంది, అదీ ఆయన సిద్ధాంతం. తేన్పు దానంతటది రాకపోతే గాలిని గుటకలు వేసి మరీ తెప్పించుకునేవాడు. సందు మొదట్లో ఆ తేన్పు వినబడగానే అమ్మ స్టవ్ వెలిగించేది. పైనుంచి పోయేదాని సంగతి ఇదీ. కిందినుంచి పోయేదాని గురించి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు, నేను లేచి కిటికీ తెరిచేదాన్నంతే.

కాలాన్ని బట్టి ఆయన కడుపు కూడా మారేది. క్రిస్మస్‌కి నూనెలో దేవిన గులాబీ పూల పిండివంటలు, గవ్వల్లాంటి కలకలాలు, జనవరి చలిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్‌కి పోయినప్పుడు పొగలు కక్కే మిర్చి బజ్జీలు, ఎండలు ముదిరితే మామిడికాయ పప్పు, ఒక్కోదానికి ఒక్కో రకం ఉబ్బరం. అన్నిటికంటే ఘోరం ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్. ఆ నలభై రోజులూ మా ఇళ్లలో మాంసం ముట్టరు. మాంసం లేకపోతే ఏముంది? సోమవారం శనగలు, మంగళవారం బొబ్బర్లు, బుధవారం క్యాబేజీలో శనగపప్పు. శుక్రవారం పొద్దంతా ఉపవాసం, చీకటి పడగానే పళ్లెం నిండా అన్నం. దేవుని ముందు నిశ్శబ్దంగా కూర్చోవాల్సిన రోజుల్లోనే డాడీ కడుపు నోరు విప్పేది. అందుకే ఆయన ఎప్పుడూ గుళ్లో తలుపు పక్కన ఆఖరి బెంచీ మీద, కాలు బయటికి పెట్టుకుని కూర్చునేవాడు. చర్చిని మేం గుడి అనే అంటాం.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, లెంట్ మొదట్లో, పాస్టరయ్యగారు మా ఇంటికొచ్చి గుడ్ ఫ్రైడే ఆరాధనలో ఐదో మాట మీద మాట్లాడమని డాడీని అడిగారు. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల గురించి ఆ రోజు పన్నెండు నుంచి మూడింటిదాకా ఏడుగురు చెబుతారు. ఐదోది 'నాకు దాహమవుతోంది' అన్నది. అంతకుముందు ఆ వరసలో నిలబడ్డవాళ్లంతా హెడ్ మాస్టర్లు, ఆఫీసర్లు. ఆఖరి బెంచీ గుమాస్తాను ఎవరూ అడగలేదు. డాడీ ఒప్పేసుకుని, అయ్యగారు మెట్లు దిగగానే కడుపు పట్టుకుని కూర్చున్నాడు. "మైకుల తేన్పొస్తే ఏం గావాలె నా ఇజ్జత్?" అన్నాడు. అమ్మ మర్నాడే ఆయన్ని మిషన్ దవాఖానకు లాక్కుపోయింది.

అక్కడి డాక్టరమ్మ ముసలావిడ, నోరు పెద్దది. అంతా విని, "సోడా తాగుడంటే గ్యాస్‌ను పైసలిచ్చి మింగుడేనయ్యా," అంది. "గాలి గుటకలు ఆపు ముందుగాల. ఎల్లగొడుతున్న అనుకుంటున్నవ్, నింపుకుంటున్నవ్." తర్వాత అమ్మ వైపు తిరిగింది. శనగలు రాత్రే నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి, వేళ్లతో నొక్కితే చితికేంత మెత్తగా ఉడకబెట్టాలి, క్యాబేజీ కొన్నాళ్లు ఆపి చూడాలి, పాలు పడుతున్నాయో లేదో కూడా చూడాలి, కొద్దికొద్దిగా తినాలి, మెల్లగా నమలాలి, తిన్నాక నడవాలి. పొద్దంతా ఖాళీ కడుపుతో ఉండి ఒక్కసారే పళ్లెం నింపుకోవద్దు. "వాము నీళ్లు తాగితే తాగు, తప్పు లేదు. గని నొప్పి ఎక్కువైనా, ఒళ్లు తగ్గినా, దొడ్డికి పోతే రక్తం పడ్డా, వాము తాగుకుంట కూసోకు, నా దగ్గరికి ఉరికి రా."

ఆ నలభై రోజులూ మేం ముగ్గురం అలసిపోయాం. అమ్మ గింజలు నానబెట్టడం, నీళ్లు పారబోయడం, శుక్రవారం ఉపవాసానికి బదులు పూటకింత పెట్టడం, అల్లం దంచడం, ఇంగువ పొంగించడం. నా పని డాడీ ఎదురుగా కూర్చుని, "డాడీ, మెల్లగ" అనడం. "తిననిస్తవా, బెల్లు కొడ్తవా?" అని కసురుకునేవాడు పాపం. అమ్మ ఎప్పుడు తినేదో, ఎలా నమిలేదో మాత్రం ఎవరమూ చూడలేదు. అన్నం తిన్నాక డాడీ నన్ను వెంటబెట్టుకుని నాంపల్లి స్టేషన్ దాకా నడిచేవాడు. రైలు కూతలు, ఆటోల పొగ, ఇరానీ హోటళ్ల ముందు అప్పుడే దించిన బిస్కెట్ల వాసన, వాటి మధ్య తన ప్రసంగాన్ని నాకు అప్పజెప్పేవాడు. ఆఖరి మాట మాత్రం చెప్పేవాడు కాదు. "అది గుళ్లనే ఇనుండ్రి," అనేవాడు. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టలాదివారం నాటికి తేన్పులు ఎంత తగ్గాయంటే, "సారు ఊళ్లె లేడా?" అని పక్కింటాయన అమ్మను అడిగాడు.

గుడ్ ఫ్రైడే పొద్దున అమ్మ రెండు బ్రెడ్డు ముక్కలు, వాము నీళ్లు పెట్టి, "డాక్టరమ్మ చెప్పింది గద, జర నోట్లె ఏసుకోండ్రి," అంది.

"దాహం గురించి చెప్పెటోన్ని. గొంతు తడుపుకొని పోయి ఏమని చెప్త?" అని డాడీ గ్లాసు పక్కకు జరిపాడు. అమ్మ బతిమాలింది, కోప్పడింది. ఆయన వినలేదు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

గుడి కిక్కిరిసింది. తెల్ల చీరలు, చెమట, ఫ్యాన్ల కిరకిర. డాడీ మెల్లగా, నమిలినట్టే ఒక్కో మాటా అన్నాడు. నల్లా దగ్గర బిందెలతో నిలబడే ఆడవాళ్ల గురించి, ఎండలో దఫ్తర్ మెట్ల మీద కూర్చునే ముసలాళ్ల గురించి చెప్పాడు. జనం నిజంగా విన్నారు. నేను గర్వంగా చుట్టూ చూశాను. చివరి మాట ముందు కావాలనే ఆగి, తలెత్తి, నోరు తెరిచాడు. తేన్పొచ్చింది. ఆ రోజు మైకు కూడా బ్రహ్మాండంగా పనిచేసింది. ముందు వరస పిల్లలు కిసుక్కుమన్నారు. ఎవరో దగ్గారు. డాడీ బల్ల అంచు గట్టిగా పట్టుకుని మళ్లీ నోరు తెరుస్తుండగా, ఆడవాళ్ల వైపు నుంచి సన్నటి గొంతుతో కీర్తన లేచింది. అమ్మ! గుళ్లో ఎప్పుడూ పెదాలు మాత్రమే కదిపే మా అమ్మ, అందనంత పై శ్రుతిలో ఎత్తుకుంది. గుడంతా అందుకుంది. అన్ని చరణాలూ పాడారు. ప్రసంగం ముగిసిందనుకుని అయ్యగారు ఆరో మాటకు ఇంకొకరిని పిలిచారు. డాడీ కళ్లద్దాలు జేబులో పెట్టుకుని దిగొచ్చేశాడు.

ఇంటికి వచ్చేటప్పుడు డాడీ మాకంటే ముందు నడిచాడు. మూసి ఉన్న సోడా బండి దగ్గర ఆగి, "ఎందుకెత్తినవే పాట? ఒక్కటే మాట ఉండె నాకు," అన్నాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఈస్టర్ కాగానే సోడా మొదలైంది, గుటకలు మొదలయ్యాయి. తర్వాత కూడా అయ్యగారు రెండు మూడుసార్లు అడిగారు. "వద్దండి, గ్యాస్," అని డాడీ తప్పించుకున్నాడు.

ఇప్పుడు ఆ సందు లేదు, దాని మీద మూడంతస్తుల షాపులున్నాయి. సోడా బండీ లేదు, మూడు గంటల ఆరాధన గంటన్నరకు దిగింది, ఏడు మాటలూ బయటి నుంచి వచ్చిన ఒక్కరే చెప్పేస్తారు. డాడీ పోయి కూడా చాలా ఏళ్లయింది. తేన్పుల్లేని ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని ఎవరనుకున్నారు?

"ఆ ఒక్క మాట ఏందో నీకెప్పుడన్నా చెప్పిండా అమ్మా?" అనడిగాను. ఇన్నేళ్లలో ఎందుకు అడగలేదో నాకే తెలియదు.

"చెప్పిండు. ఆ సాయంత్రమే. వాము నీళ్లిస్తే గ్లాసు పట్టుకొని చెప్పిండు."

"ఏమని?"

"'సిలువ మీద ఆయనకు దాహమైతే కింద నిలవడ్డోళ్లు పుల్లటి చిరక, గదే పులిసిన ద్రాక్షరసం, ఇచ్చిన్రు. వాళ్ల దగ్గర ఉన్నదే గది. ఆయన వద్దనలే, పుచ్చుకున్నడు.' గంతే."

"తర్వాత?"

"తర్వాతేంది, గ్లాసుల ఉన్నది తాగిండు."

అమ్మ నా మొహంలోకే చూస్తోంది. గ్లాసు చల్లారిపోయింది. నొప్పి నడుంలోనే ఉంది. అడుగున మిగిలిన వాము పలుకులతో సహా తాగేశాను.