ఆఫ్రా కణత మీది గుంట

కొర్బీనియన్ చేతికి వచ్చిన విగ్రహం ఏదైనా నునుపు తేలి వెళ్లాల్సిందే. మ్యూనిక్‌లో కంచు విగ్రహాలు పోతపోసే కార్ఖానాలో అతనిది ఆకురాయి, ఉలి పని. పోతలో గాలి చిక్కి గుంట పడితే, అందులో కంచు మేకు దిగ్గొట్టి, పైన అరగదీసి, అక్కడ గుంట ఉండేదని పోత పోసినవాడికే తెలియకుండా చేసేవాడు.

అలాంటి మనిషి ఒక్క గుంటను మాత్రం కంటికి రెప్పలా కాపాడుకున్నాడు. అది అతని కూతురిది.

ఊళ్లో ఒక ధనవంతుడు తన తోటలో పెట్టుకోవడానికి ప్రొసెర్పినా విగ్రహం చేయించాడు. పూలు కోసుకుంటుంటే పాతాళరాజు ఎత్తుకుపోయిన పురాణకన్య ఆమె. శిల్పికి ఒక లేత మొహం కావలసి వచ్చింది. తండ్రికి రొట్టె, ముల్లంగి పట్టుకొచ్చే ఆఫ్రాను కూర్చోబెట్టి మొహానికి ప్లాస్టర్ అచ్చు తీశాడు. తర్వాత ముక్కు సాగదీశాడు, పెదవులు దిద్దాడు. పెద్ద కళాకారుడు కదా, దేవుడు చేసింది ఆయనకు ఆనదు! ఎడమ కణత మీద, జుట్టు అంచున, చిన్నప్పుడు ఆటలమ్మ పోసి మిగిల్చిన గుంట మాత్రం ఆయన కంటపడలేదు. పోత పోసేలోపే ఆఫ్రా క్షయతో పోయింది. ఇంకా పెళ్లీడైనా రాని పిల్ల. ఆ పిల్లను తీసుకుపోవడానికి చావుకు చేతులెలా వచ్చాయో!

బిడ్డను మట్టిలో పెట్టిన మర్నాడే తల్లి వాల్‌బుర్గా పాసింగ్‌లో చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆ గదిలో ఉంటే ఇంకా దగ్గు వినిపిస్తోందంది.

కంచు మొహం మీద ఆ గుంట అలాగే దిగింది. ఒకరోజు మేస్త్రీ చూశాడు.

"ఏమోయ్, ఆ కణత మీద గుంట కనపడలేదా? కళ్లు బీరులో జారవిడిచావా?"

"మంగళవారం పూడుస్తాలెండి."

అబద్ధం. మంగళవారం పొద్దున్నే విగ్రహానికి బండి వస్తుంది, ఆ హడావిడిలో ఎవరూ చూడరని అతని ఆశ. నిజం చెబితే శిల్పి ఆ నిమిషమే పూడ్పించేస్తాడు. అందుకే ఆ మొండి మనిషి నోరు విప్పలేదు. ఈ చలికాలంలోనే పనిలో చేరి, పక్క బల్ల దగ్గర కూర్చునే క్విరిన్‌కి కూడా చెప్పలేదు. క్విరిన్ ఆఫ్రాను ఎన్నడూ చూసినవాడు కాదు.

సోమవారం కార్ఖానాలో ఎవరూ పని ముట్టరు. ఆదివారం తాగింది సోమవారం దిగాలి. అది పనివాళ్ల హక్కు, దానికోసం తన్నుకోవడానికైనా సిద్ధం. భార్యను తీసుకొస్తానని క్విరిన్‌తో చెప్పి కొర్బీనియన్ పాసింగ్ వెళ్లాడు. ఊరు దగ్గరే, మనిషిని కదిలించడానికే రోజంతా పట్టింది.

"కంచు బొమ్మను చూడ్డానికి రమ్మంటావా? నాకింకా మతి పోలేదయ్యా."

"ముక్కు మనది కాదే, నోరు మనది కాదు. ఆ కణత మాత్రం మన పిల్లదే. ఒక్కసారి వేలు పెట్టి చూడు. ఆ తర్వాత కూడా ఇంటికి రానంటే మళ్లీ అడగను."

వాల్‌బుర్గా వేలు తన కణత మీదికే పోయింది.

"గోకుతుందని చేతులు గుడ్డతో కట్టేశాను. ఎంత ఏడ్చిందో! అయినా విప్పుకుని గోకేసింది, ముండ" అంటూ కళ్లు తుడుచుకుని, శాలువా కప్పుకుంది.

మంగళవారం తెల్లారగానే ఇద్దరూ వచ్చారు. విగ్రహం వాకిట్లో బండి మీదకు ఎక్కించి ఉంది. వాల్‌బుర్గా చక్రం మీద కాలు పెట్టి ఎక్కి, కణత మీద వేలు పెట్టింది. జుట్టు అంచున తడిమింది. మళ్లీ తడిమింది. కుడివైపు కూడా చూసింది.

"ఏదయ్యా?"

కొర్బీనియన్ తన వేలు పెట్టాడు. నున్నగా ఉంది.

క్విరిన్ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"నేనే అన్నా! నిన్నంతా కూర్చుని ఆ గుంట పూడ్చేశా. నువ్వు వదిన కోసం వెళ్తివి, పొద్దున్నే మేస్త్రీ నిన్ను నలుగురిలో తిడతాడని. బీరు చుక్క ముట్టలేదు, నీమీదొట్టు!"

వాల్‌బుర్గా మెల్లగా కిందికి దిగింది. మొగుడి వంక ఒకసారి చూసి, పాసింగ్ దారి పట్టింది. కొర్బీనియన్ గుండె చెరువైంది.

క్విరిన్ ఇంకా మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"చెప్పన్నా, ఎక్కడ పూడ్చానో దొరికిందా?"

"లేదురా తమ్ముడూ. ఎంత వెతికినా దొరకలేదు."