మేనమామ ఒళ్ళో నేను, నా ఒళ్ళో మా తమ్ముడు

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం అరుగు మీద మావాళ్ళంతా కూర్చుని తిరునాళ్ళకు పోయే సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను గుంజకు ఆనుకొని వింటున్నాను. చంకలో మా తమ్ముడు... ఇంకెక్కడుంటాడు!

కమలాపురం దగ్గర పల్లె మాది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా తమ్ముడికి నడక వచ్చింది. కానీ నడవడే! పొద్దున లేస్తూనే "క్కా..." అని చేతులు చాచేవాడు. అమ్మ చేలో, అవ్వ పొయ్యి దగ్గర... ఇక మిగిలింది నేనే కదా. తొక్కుడుబిళ్ళ ఆడినా వాణ్ణి చంకనేసుకునే గెంతేదాన్ని. ఇద్దరి బరువు ఒక్క కాలి మీద!

తిరునాళ్ళలో వాడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. అందుకే ఆ ప్రయాణం. ఇక చూడండి ఏర్పాట్లు... వాడికి ఎండ తగలకూడదని గూడుబండి. వాడి నిద్రకు బండిలోనే చీరతో ఉయ్యాల. దారిలో పాలెట్లా అని తర్జనభర్జన పడి, చివరికి మేకనే బండి వెనక కట్టుకొని పోదామన్నారు!

"మరి వాణ్ణి ఎత్తుకునేదెవురు?" అన్నాడు నాయన.

"పాప ఉండాది కదప్పా" అంది అవ్వ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

నాకు మాత్రం నా ఆశ నాకుంది. తిరునాళ్ళలో రంగులరాట్నం ఉంటుందట... నాలుగు తొట్లు, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పుతారట. పైకి పోతే ఏటి అవతలి ఊళ్ళు కనిపిస్తాయని పక్కింటి పిల్లలు ఊరించి ఊరించి చెప్పారు. నాకు ఊళ్ళు చూడాలని లేదు. చంకలో ఎవరూ లేకుండా ఒక్కసారి... ఒక్కసారి పైకి పోవాలి. అంతే!

ఆ సందు నాకు అవ్వ మాటల్లోనే దొరికింది. "వెంట్రుకలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళోనే కూచోవాల" అంది. ఆహా! ఆలూరు నుంచి మామ వస్తాడు. వాడు మామ ఒళ్ళోకి పోతాడు. నేను రాట్నం దగ్గరికి పోతాను. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పడితే ఒట్టు.

తిరునాళ్ళకు చేరాం. మామ వచ్చి తమ్ముణ్ణి అందుకున్నాడో లేదో... నేను పరుగు! తొట్టిలో ఒక కాలు పెట్టాను. రెండో కాలు పెట్టబోతున్నాను...

"మే పాపా! బిన్నా రా మే! వాడు గుక్కపట్టినాడు!" అమ్మ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొస్తోంది.

దిగాను. ఏం చేస్తాను మరి?

మామను వాడు అంతకు ముందు చూడలేదు. ఆయనకేమో బుర్ర మీసాలు. వాటిని చూసి వాడు విల్లులా వెనక్కి విరుచుకుపోయి తంతున్నాడు. మంగలాయన కత్తి పక్కన పెట్టేశాడు. "ఇట్ల తన్నుకులాడితే తగుల్తాదప్పా... నా చేత కాదు" అన్నాడు. నన్ను చూడగానే వాడు నా మీదికి దూకి, మెడ పట్టుకొని ఊరకయ్యాడు.

"అయితే పాప ఒళ్ళోనే తీయండి" అంది అమ్మ.

"అట్లెట్ల కుదురుతాది? మేనమామ ఉండంగా!" అవ్వ ఒప్పుకోలేదు.

మామ మీసం దువ్వుకొని, "ఏలత్తా ఈ రచ్చ? నా ఒళ్ళో పాప కూచుంటాది. పాప ఒళ్ళో బుడ్డోడు కూచుంటాడు" అన్నాడు.

అవ్వ తల ఊపింది. శాస్త్రం తప్పలేదు కదా, చాలు!

అట్లా కూర్చోబెట్టారు నన్ను, మధ్యలో. కింద మామ, పైన తమ్ముడు. పోయేవాళ్ళంతా ఆగి ఒకటే నవ్వు. నా వీపు వెనకే రాట్నం కిర్రు కిర్రుమంటోంది... పిల్లల కేకలు వినిపిస్తున్నాయి... తల తిప్పి చూద్దామంటే, "కదలాకు పాపా, కత్తి ఉండాది" అంటాడు మంగలాయన. తడి వెంట్రుకలన్నీ నా కొత్త పావడా మీద పడుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"సూడండమ్మా, తమ్ముడంటే ఎంత పానమో!" అందొకామె. నా కడుపుమంట ఆమెకేం తెలుసు!

గంధం పూశాక మామ నా చెయ్యి పట్టుకొని, "రా పాపా, నేనెక్కిస్తా" అన్నాడు. అప్పటికే నాయన ఎద్దులు కడుతున్నాడు. పొద్దు గూకేలోగా ఏరు దాటాలట. "వచ్చే ఏడు ఎక్కుదువులే" అన్నారందరూ.

వచ్చే ఏటికి వాడు దిగి పరుగులు తీశాడు. నా చంకలోకి చెల్లెలు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత నా పిల్లలే. ఎవరి మీదా కోపం లేదు... ఎందుకు అబద్ధం, కొంచెం ఉంది.

మొన్న మా మనవరాలు ఫోనులో వేళ్ళు ఆడిస్తూ పెద్ద పార్కుకు ప్రయాణం కడుతోంది. తన ఏడాదిన్నర పిల్లోడికి తోపుడుబండి, వాడు పడుకోవడానికి చల్లని గది... అన్నీ కుదిరాయి. ఇప్పుడన్నీ వేలితో నొక్కితే అయిపోతున్నాయి.

"అవ్వా, నువ్వూ రావాల. నేనూ మా ఆయనా రాట్నాలన్నీ ఎక్కేటప్పుడు బుడ్డోణ్ణి నువ్వు పట్టుకుందువు. నీ కాడయితే ఏడ్వడు" అంది, ఎంతో ప్రేమగా.

"అట్లనే తల్లీ" అన్నాను. నేనూ ఎక్కుతానే అని అడగడానికి మాత్రం... ఈ వయసులో సిగ్గేసింది.

మీ ఇళ్ళలోనూ మిమ్మల్ని చంకన మోసిన అక్కలు ఉంటారు. ఏం ఎక్కాలనుందో వాళ్ళను ఒకసారి అడగండి... ఏం చెప్పారో వచ్చి ఇక్కడ రాయండి. నన్నెవరూ అడగలేదు.