కత్తితో కోసిన వల

రామాపురం తీరంలో పేరంటాలు పని తెగిన వలలు అల్లడం. ఆమె పగలంతా బాగుచేసిన వలను రాత్రి సముద్రంలో పీతలు కొరికేస్తాయి. తెల్లారితే అది మళ్లీ ఆమె ఒళ్లోకే వస్తుంది. కాపురానికొచ్చిన నాటినుంచీ ఇంతే.

మొగుడు నాగులు చేపల వేటలో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే పడవ యజమాని బ్రహ్మాజీ ఒక వల తెచ్చి అరుగు మీద దించాడు.

"రేపు వేటకెళ్లాలి వదినా. నీ చేతి ముడైతేనే నిలుస్తది."

పేరంటాలు చిరుగు చూసింది. "ఇది పీతలు కొరికింది కాదే. కత్తితో కోశారు."

"అన్న కాళ్లకి చుట్టుకుపోయింది. ఎంత లాగినా ముడి తెగలేదు వదినా. పడవలో కత్తి లేదు, ఒడ్డుకి తెచ్చాకే కోశాం."

"వేరే వల లేదా?"

"ఉంటే ఇది తెస్తానా?"

వల లేకపోతే పడవ కదలదు. పడవ కదలకపోతే ఆరని పొయ్యి ఆ వాడలో లేదు, తనదీ అంతే. పేరంటాలు వల అల్లే సూదికి దారం చుట్టింది.

ముడి మీద చూపున్నంతసేపూ ముడే కనిపించేది. తలెత్తితే నాగులు కనిపించేవాడు. అందుకని పొద్దు వాలేదాకా తలెత్తలేదు.

బ్రహ్మాజీ వచ్చి వల లాగి చూశాడు. "గట్టిగా ఉంది వదినా."

"గట్టిగానే ఉంటది. ఈసారి కత్తి దగ్గర పెట్టుకుని వెళ్లండి."