అద్దానికి అతుక్కుపోయిన అబ్రాహాము

పొద్దున్న ఆరింటికి విశాఖపట్నంలో రైలెక్కాను. పాత కాగితాలు, పటాలు బాగుచేయడం నా పని. గోదావరి లంకలోని ఒక చర్చి ఫాదర్‌గారు ఫోన్ చేశారు. "ఇటలీ నుంచి వచ్చిన పాత బైబిలు బొమ్మ ఒకటుందండి. వరదలో తడిసింది. ఒక్కసారి వచ్చి చూడాలి."

తొమ్మిదిన్నరకి రాజమండ్రిలో దిగి, స్టేషను బయట ఇడ్లీ తిని బస్సెక్కాను. గంట ప్రయాణం. ఆపైన పడవ. వెళ్ళదలచినవాళ్ళు ఎండెక్కకముందే రేవు దాటడం మంచిది, నీడ లేదు. పడవలో పక్కనున్న రైతు నా పెట్టె చూసి, "దానియేలు పటం కోసమాండీ?" అన్నాడు.

"దానియేలు ఎవరండీ?"

ఆయన నీళ్ళవైపు చూస్తూ, "ఫాదర్‌గారు చెప్తార్లెండి" అన్నాడు.

ఫాదర్‌గారు చెప్పారు, నడుస్తూ. చర్చి తాళాలు దానియేలు దగ్గరుండేవి. మొన్న ఆగస్టు వరదకి ఊరంతా గట్టు మీదికి చేరాక, పటం గోడకే ఉండిపోయిందని ఒక్కడే వెనక్కి వెళ్ళాడు. పటం చర్చి అటక మీద దొరికింది. అతను రెండు రోజుల తర్వాత అరటితోటలో దొరికాడు.

పటం ఇప్పుడు అతని భార్య సువార్తమ్మ ఇంట్లో ఉంది. మంచం మీద దుప్పటి పరిచి పెట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్‌లో అచ్చయిందని కింది రాతను బట్టి తెలిసింది. కత్తెత్తిన అబ్రాహాము, ఆ చెయ్యి పట్టుకుని ఆపుతున్న దేవదూత. బలికోసం కట్టెల మీద పడుకోబెట్టిన కొడుకు ఇస్సాకు ముఖం బూజులో కలిసిపోయింది. కాగితం అద్దానికి అతుక్కుపోయింది. లాగితే సిరా పొర లేచిపోతుంది.

"లోకంలో ఇదొక్కటేనాండీ?" అని అడిగింది సువార్తమ్మ. "ఆయన అలాగే అనేవారు."

అబద్ధం చెప్పి ఉండాల్సింది. "రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా నింపి, కాగితం మీద నొక్కుతారమ్మా. ఒక్క రేకుతో వందల బొమ్మలు తీస్తారు. ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడో ఉంటాయి."

ఫాదర్‌గారు తల దించుకున్నారు. ఆవిడ పటం కింద దుప్పటి మడత సరిచేసింది.

"ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదండి."

తర్వాత తనే పటాన్ని దుప్పటిలో చుట్టి నా చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళండి. బాగుచేశాక చర్చిలో ఇచ్చెయ్యండి. ఇక్కడికి తేవద్దు."

నాలుగింటికి తిరుగు రైలు దొరికింది. పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సామర్లకోటలో ఎక్కిన ఒకావిడ దుప్పటి సందులోంచి చూసి, "దేవుడి పటమాండీ?" అని దండం పెట్టింది. అవునన్నాను. ఎన్ని ప్రతులు మిగిలాయన్నదాన్ని బట్టే ఇన్నాళ్ళూ పటాలకి విలువ కట్టాను. ఇది ఏ లెక్కలోకి వస్తుందో తుని దాటినా నాకు తేలలేదు.