దొరసాని బాజాలో పాము

పాము బాజాలోకి దూరడం నేను కళ్ళారా చూశాను. అప్పటికి నా బిడ్డ ఆ బాజాకు మూరెడు దూరంలో పాకుతోంది. పిల్లను రెక్క పట్టి లేపుకుని నేను పెట్టిన కేకకు వాడకట్టంతా ఉరికొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్త. నేను నకిరేకల్‌లో కిరాయి ఇంట్లో ఉంటూ దవాఖానలో నర్సుగా చేసేదాన్ని. సెలవు దొరికితే బిడ్డనెత్తుకుని మోత్కూర్ దగ్గరి మా ఊరికి వచ్చాను, అమ్మ దగ్గరికి.

బాజా అంటే హార్మోనియం అనుకునేరు. బీరువా అంత పెట్టె. ముందు వరసగా గొట్టాలు, మధ్యలో మెట్లు, కింద తోలు తిత్తి. కాలితో పలక తొక్కితే తిత్తి గాలి గుంజుకుని గొట్టాలకు పంపుతుంది. ఒకప్పుడు మిషను బంగళాలో ఉన్న డాక్టరు దొరసాని తన ఇంటి కోసమని సీమదేశంలో చేయించి తెప్పించుకుందట. వాయించేది ఆమె, తొక్కేది మా తాత, అమ్మను కన్న తండ్రి. దేశం విడిచి పోయేటప్పుడు ఆమె దాన్ని ఆయనకే ఇచ్చేసింది. గుంట భూమి లేని ఇంటికి బాజా వచ్చిందని ఊరు నవ్విందట. తాత తిత్తికి మేకతోలు అతుకులు వేసుకుంటూ తొక్కుతుంటే అమ్మ వాయించడం నేర్చుకుంది. తాత పోయాక తొక్కడం, వాయించడం రెండూ ఆమే. ఇంట్లో ఏది పోయినా ఆమెకు ఫికర్ లేదు. దాని మీద చెయ్యి వేస్తే మాత్రం కడుపున పుట్టినవాళ్ళనైనా వదలదు.

తమ్ముడు గొడ్డలి తెచ్చాడు. పలగ్గొట్టమన్నాను. కోపమొస్తే నాకు ముందూ వెనకా కనపడదు. పొద్దుగూకితే ఆ పాము ఏ మూలకు పోతుందో ఎవరికెరుక? దవాఖానలో పాము కాటు పిల్లల్ని చూసినదాన్ని. అమ్మ బాజాకు వీపు ఆనించి నిలబడింది.

"ముందు నన్ను కొట్టుర్రి," అంది.

నేను నోటికొచ్చినట్టు అన్నాను. మనవరాలి కన్నా ఈ కట్టెపెట్టె ఎక్కువైందా అని కూడా అన్నాను. ఆమె కదలలేదు. తమ్ముడే గొడ్డలి దించేశాడు.

పక్కింటి పెద్దాయన మిరపకాయల పొగ పెట్టమన్నాడు. గడ్డివాముల్లోంచి పాముల్ని అలాగే వెళ్ళగొడతారట. చట్టిలో నిప్పులు వేసి, పైన గుప్పెడు ఎండు మిరపకాయలు పోసి తిత్తి పక్కన పెట్టాం. పొగ లోపలికి పోకుండా మా మీదికే వచ్చింది. తొక్కితే తిత్తే పొగను గుంజుకుంటుందని అమ్మకు తోచింది. వద్దు వద్దంటున్నా వినకుండా స్టూలు లాక్కుని కూర్చుంది. ఉత్త కాళ్ళు పలక మీద పెట్టింది. ఆ వెనకే పాము దూరిన కంత.

పొగ గొట్టాల్లోంచి రావాలంటే మెట్లు నొక్కాలి కదా, ఆదివారం ప్రార్థనకు వాయించే పాటే ఎత్తుకుంది. ఒక్కో గొట్టం కూత పెడుతూ పొగ కక్కింది. ఇల్లంతా దగ్గులు, తుమ్ములు, కన్నీళ్ళు. ఆ ఘాటులో కూడా ఎవరో నవ్వారు. వాళ్ళను పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది.

పాము వచ్చింది, అమ్మ మడమ పక్కనుంచే. ఆమె కాలు బిగబట్టి అలాగే ఉండిపోయింది. అది జరజరా పాకి గడప దాటి మురుగు మోరీలో పడిపోయింది. తమ్ముడు కర్ర ఎత్తేలోపే అంతా అయిపోయింది. నేను బిడ్డను పొదువుకుని కూలబడి ఏడ్చాను. అమ్మ నా వైపు చూసింది, ఇప్పుడేమంటావ్ అన్నట్టు. ఆ గెలుపు మొహం చూస్తే నాకు ముద్దూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

నిప్పుల చట్టి బయట పారబోశారు. జనం పలచబడ్డారు. గొట్టాల్లోంచి పొగ మాత్రం ఆగలేదు. మిగిలిన పొగేలే అనుకున్నాం. కాసేపటికి మిరపకాయ ఘాటు పోయి తోలు కాలిన కంపు మొదలైంది. తిత్తి పొగతో పాటు నిప్పురవ్వల్ని కూడా గుంజుకుంది. అంత మంది ఉన్నాం, ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఎండిన కట్టె, ఎండిన తోలు లోపల రాజుకుంటున్నాయి. పైన కట్టె వాసాలు, పక్కన వడ్ల బస్తాలు. బిందెడు నీళ్ళు గుమ్మరించినా లోపలికి చుక్క పోలేదు.

తమ్ముడు గొడ్డలి పట్టుకుని అమ్మ మొహం చూస్తూ నిలబడ్డాడు. పలగ్గొట్టమని అప్పటిదాకా అరిచిన నేనే ఆగమన్నాను. అమ్మ వాడి చేతిలోంచి గొడ్డలి గుంజుకుంది. మొదటి దెబ్బ ఆమే వేసింది. మరో దెబ్బకు పక్కపలక చీలి లోపలి మంట కనిపించింది. తిత్తిని గొడ్డలితోనే బయటికి లాగింది. మేం నీళ్ళు పోశాం. ఇల్లు దక్కింది.

నల్లటి నీళ్ళలో గొట్టాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి నా ఒళ్ళోంచి పిల్లను తీసుకుంది. నా నోరు ఊరుకుంటుందా, ముందే కొట్టనిస్తే తిత్తన్నా మిగిలేది కదా అన్నాను.

అమ్మ పిల్ల తల నిమిరింది.

"నువ్వు కొట్టిస్తే బతికినంత కాలం నిన్ను తిట్టుకుంటుంటి బిడ్డా," అంది. "నేనే కొట్టుకున్న. ఇగ ఎవల్నంట?"